మంట ఆరిన తరువాత

లూయిస్ థామస్ ‘ది లైవ్స్ ఆఫ్ ఎ సెల్’ 1974లో వెలువడింది. కెవిన్ ట్రేసీ ‘ఫేటల్ సీక్వెన్స్’ 2005లో వచ్చింది. మొదటిది ఒక పరిశోధక వైద్యుడు వైద్యపత్రికకు రాసిన చిన్న వ్యాసాల సంపుటి. రెండవది, తాను చికిత్స చేసిన ఒక పసిపాప మరణాన్ని మరచిపోలేని శస్త్రవైద్యుడు రాసిన పుస్తకం. రెండింటి మధ్య ముప్పై ఏళ్ళ దూరం ఉన్నా అవి అడిగే ప్రశ్న ఒక్కటే. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో మనిషిని చంపేది క్రిమియా, క్రిమి మీద శరీరం చేసే యుద్ధమా? ఈ రెండు పుస్తకాలనూ వరుసగా చదివితే అమెరికన్ వైద్యశాస్త్రం ఆ ప్రశ్నకు సగం సమాధానం ఎలా సంపాదించుకున్నదో తెలుస్తుంది. యుద్ధం ముగిసిన తరువాత ఆ శరీరంలో ఏమి మిగులుతుందన్నది రెండవ సగం. దాని చరిత్ర చాలామట్టుకు ఈ పుస్తకాలకు అవతల ఉంది. రెండు సగాలనూ కలిపి చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఒక మాట గురించి. ఇన్‌ఫ్లమేషన్‌ను తెలుగులో శోథ అన్నారు, ఉజ్వలనం అన్నారు, తాపం అన్నారు. ఇక్కడ తాపం అనే మాటనే వాడతాను. ఎరుపు, వేడి, వాపు, నొప్పి దాని లక్షణాలని రోమన్ రచయిత సెల్సస్ రెండు వేల ఏళ్ళ క్రితమే చెప్పాడు. వేలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు ఆ నాలుగూ ఆ వేలికే పరిమితమవుతాయి, నాలుగు రోజుల్లో తగ్గుతాయి. అదే తాపం రక్తం ద్వారా ఒళ్ళంతా వ్యాపించి, రక్తపు పోటు పడిపోయి, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతింటే దానిని సెప్సిస్ అంటాము. అమెరికాలో ఏటా కనీసం 17 లక్షల మంది పెద్దలకు సెప్సిస్ వస్తున్నదనీ, వారిలో కనీసం 3,50,000 మంది ఆసుపత్రిలోనో, అక్కడి నుండి అంత్యకాల సంరక్షణకు వెళ్ళియో మరణిస్తున్నారనీ ఇక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. లెక్క.

పందొమ్మిదవ శతాబ్దం చివరి వైద్యులకు ఈ విషయంలో పెద్ద సందేహం లేదు. క్రిమి విషం కక్కుతుంది, ఆ విషం మనిషిని చంపుతుంది. బెర్లిన్‌లో కాఖ్ వద్ద పనిచేసిన రిచర్డ్ ఫైఫర్ 1892లో కలరా క్రిములను వేడితో చంపి జంతువులకు ఎక్కించాడు. చచ్చిన క్రిములు కూడా జంతువులను చంపాయి. క్రిమి దేహంలోనే ఉన్న ఆ పదార్థానికి ఎండోటాక్సిన్ అని పేరు పెట్టారు, అంటే లోపలి విషం. ఎనభై ఏళ్ళ తరువాత, 1972లో, లూయిస్ థామస్ ఆ పేరునే ప్రశ్నించాడు. ఎండోటాక్సిన్ నిజానికి విషం కాదనీ, శత్రువు వచ్చాడని శరీరం చదువుకునే వార్త మాత్రమేననీ, ఆ వార్త చదవగానే మన ఆయుధాలన్నీ ఒక్కసారిగా పేలడం వల్లనే మనం చస్తున్నామనీ ఆయన వాదన. మన సామెతలో చెప్పాలంటే, ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం. రెండు మూడు పేజీల వ్యాసంలో, ఎక్కడా గొంతు పెంచకుండా, ఒక శతాబ్దపు నమ్మకాన్ని తలకిందులు చేయడం థామస్‌కే చెల్లింది. ఆ సంపుటికి 1975లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది.

థామస్ ఊహించిన నిప్పురవ్వ అప్పటికే న్యూయార్క్‌లో వేరొక దారిలో దొరకబోతున్నది. ఆ దారి క్యాన్సర్‌ది. 1891లో విలియం కోలీ అనే యువ శస్త్రవైద్యుడు, ఎరిసిపెలస్ అనే చర్మపు ఇన్ఫెక్షన్ వచ్చిన ఒక రోగికి మెడ మీది కంతి కరిగిపోయిన సంగతి పాత రికార్డులలో చదివి, తన రోగులకు బతికి ఉన్న స్ట్రెప్టోకాకస్ క్రిములనే ఎక్కించడం మొదలుపెట్టాడు. జ్వరం విపరీతంగా వచ్చేది; కొందరికి కంతులు కరిగేవి. ఎందుకు కరిగాయో ఆయన కాలంలో ఎవరూ చెప్పలేకపోయారు. 1975లో స్లోన్ కెటరింగ్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం, ఎండోటాక్సిన్ ఎక్కించిన ఎలుకల రక్తంలో కంతులను కుళ్ళబెట్టే ఒక పదార్థాన్ని చూసింది. దానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, టి.ఎన్.ఎఫ్., అని పేరు పెట్టారు. అదే నగరంలోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సెరామీ మరొక చిక్కుముడి విప్పుతున్నాడు. ట్రిపనోసోమా అనే పరాన్నజీవి సోకిన కుందేళ్ళు, ఒంట్లో క్రిములు కొద్దిగానే ఉన్నా, ఎందుకు చిక్కి శల్యమవుతున్నాయి? దానికి కారణమైన పదార్థాన్ని ఆయన కకెక్టిన్ అన్నాడు. 1985లో బ్రూస్ బాయిట్లర్, సెరామీ ఈ రెండూ ఒకటేనని తేల్చారు. కంతిని కరిగించేదీ, దేహాన్ని కరిగించేదీ ఒకే అణువు.

ట్రేసీ కథలోకి వచ్చేది ఇక్కడే. 1985లో న్యూయార్క్ హాస్పిటల్‌లో ఆయన శస్త్రచికిత్సలో శిక్షణ పొందుతున్న రెసిడెంటు. మరుగుతున్న నీళ్ళు మీద పడి ఒళ్ళు కాలిన, ఏడాది కూడా నిండని పాప ఆయన సంరక్షణలోకి వచ్చింది. పాప తొలి షాక్ నుండి కోలుకుంది. ఆసుపత్రిలోనే మొదటి పుట్టినరోజు జరిగింది. ఇక ఇంటికి వెళుతుందనుకునే సమయంలో ఉన్నట్టుండి సెప్సిస్ వచ్చి చనిపోయింది. ఆ తరువాత ట్రేసీ సెరామీ ప్రయోగశాలలో చేరాడు. టి.ఎన్.ఎఫ్. ఎక్కించిన ఎలుకలు, ఒక్క క్రిమి కూడా అవసరం లేకుండానే, సెప్సిస్ రోగుల వలె షాక్‌తో చనిపోతాయని 1986లో ఆ బృందం చూపింది. 1987లో, టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే యాంటీబాడీ ముందుగా ఇచ్చిన బబూన్ కోతులకు ప్రాణాంతకమైన మోతాదులో క్రిములు ఎక్కించినా అవి బతికాయి. థామస్ చెప్పినది ఊహ కాదని రుజువైంది.

ఈ భాగం ట్రేసీ పుస్తకంలో అపరాధ పరిశోధన నవలలా సాగుతుంది. కానీ వైద్యుడైన పాఠకుడు ఆ బబూన్ ప్రయోగం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. యాంటీబాడీ పూర్తిగా పనిచేసింది క్రిములు ఎక్కించడానికి రెండు గంటల ముందు ఇచ్చినప్పుడు. ఇన్ఫెక్షన్ రావడానికి రెండు గంటల ముందు ఆసుపత్రికి వచ్చే రోగి ఎక్కడా ఉండడు.

1990 దశకమంతా ఈ చిన్న వివరానికి పెద్ద మూల్యం చెల్లించుకున్న కాలం. 1991లో షికాగోలో రోజర్ బోన్ నాయకత్వంలో నిపుణులు సమావేశమై సెప్సిస్‌ను దేహమంతటా వ్యాపించిన తాపంగా నిర్వచించారు. నిర్వచనం అదే అయితే చికిత్స మంటను ఆర్పడమే కావాలి. కంపెనీలు ఒకదాని వెనుక ఒకటి మందులు తెచ్చాయి, ప్రయోగాలు ఒకదాని వెనుక ఒకటి విఫలమయ్యాయి. అన్నిటికంటే బాధాకరమైనది 1996లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ప్రచురించిన అధ్యయనం. సెప్టిక్ షాక్‌లో ఉన్న 141 మందిలో కొందరికి టి.ఎన్.ఎఫ్.ను పట్టి బంధించే మందు మూడు మోతాదులలో ఇచ్చారు. ఉత్తుత్తి మందు పొందినవారిలో 30 శాతం మరణించారు. అతి పెద్ద మోతాదు పొందినవారిలో 53 శాతం మరణించారు. మంటను ఎంత గట్టిగా అణిస్తే అంతమంది పోయారు. రక్తం గడ్డకట్టడాన్నీ, తాపాన్నీ కలిపి తగ్గిస్తుందన్న జిగ్రిస్ అనే మందుకు 2001లో అమెరికాలో అనుమతి లభించింది. కొత్త అధ్యయనంలో దాని వల్ల మేలు కనబడక 2011లో తయారీదారులే దానిని ఉపసంహరించుకున్నారు.

అయితే సెప్సిస్‌లో ఓడిపోయిన ఆ టి.ఎన్.ఎఫ్. నిరోధకాలే కీళ్ళవాతంలో ఘనవిజయం సాధించాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీలో మొదలుపెట్టిన ఫోలిక్ ఆమ్ల విరోధుల వంశంలోనిది మెథోట్రెక్సేట్. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో దానితో తగ్గనివారికి 1990 దశకం చివరి నుండి ఈ కొత్త మందులు చేతులను, నడకను తిరిగి ఇచ్చాయి. దానికీ ఒక ధర ఉంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో క్షయ బయటపడిన 70 మంది వివరాలు 2001లో ప్రచురితమయ్యాయి. ఊపిరితిత్తులలో ఏళ్ళ తరబడి నిద్రిస్తున్న క్షయ క్రిములకు టి.ఎన్.ఎఫ్. కాపలా కాస్తుంది; కాపలాదారును తీసివేస్తే అవి లేస్తాయి. ఈ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పక చేసేది అందుకే. క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో పుట్టి పెరిగిన మనవంటివారికి ఆ పరీక్ష విలువ మరింత ఎక్కువ. అంటే, మనం ఆర్పబోయిన మంట ఒట్టి మంట కాదు. ఇంటి పొయ్యి కూడా అదే.

ఇప్పుడు రెండవ సగం. దాని తొలి ఆనవాలు చాలా పాతది. 1940 దశకంలో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పాల్ బీసన్ కుందేళ్ళకు టైఫాయిడ్ టీకా మందును రోజూ ఎక్కించి చూశాడు. మొదటిరోజు తీవ్రమైన జ్వరం వచ్చింది. రోజులు గడిచేకొద్దీ అదే మోతాదుకు జ్వరం తగ్గుతూ పోయింది. ఎండోటాక్సిన్‌కు శరీరం మొద్దుబారుతుందని దాని అర్థం. దీనిని సహనం అన్నారు. ఆ మాటలో మెచ్చుకోలు వినిపిస్తుంది కానీ, క్రిమి వచ్చిందన్న వార్త విని కూడా కదలని సైన్యాన్ని సహనశీలి అనవచ్చునా?

ఈ పాత సంగతికి అసలు ప్రాముఖ్యం యాభై ఏళ్ళ తరువాత తెలిసింది. మంటను ఆర్పే మందుల ఓటమిని కళ్ళారా చూసిన రోజర్ బోన్, 1996లో తన నిర్వచనాన్ని తానే సవరించుకున్నాడు. ప్రతి చర్యకూ ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ సూత్రాన్ని గుర్తుచేస్తూ, తాపం వెనుకనే దానిని అణిచే ప్రతితాపం బయలుదేరుతుందనీ, అది మితిమీరితే రోగి రెండవసారి ప్రమాదంలో పడతాడనీ రాశాడు. ఆ మరుసటి సంవత్సరమే ఆయన మరణించాడు. తన పేరుతో స్థిరపడిన సిద్ధాంతాన్ని తన చేత్తోనే దిద్దిన పండితులు అరుదు. ఈ చరిత్రలో నాకు అందరికంటే గౌరవనీయుడుగా కనిపించేది ఆయనే.

దానికి కంటికి కనిపించే సాక్ష్యం మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నుండి వచ్చింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ హాచ్‌కిస్ బృందం సెప్సిస్‌తో మరణించినవారి దేహాలను, కుటుంబాల అనుమతితో, మరణించిన కొద్దిసేపటికే పరీక్షించింది. అవయవాలు కుళ్ళి ఉంటాయని అనుకుంటాము. వారికి కనిపించినది వేరు. రోగనిరోధక వ్యవస్థకు వెన్నెముక వంటి లింఫోసైట్ కణాలు పెద్దఎత్తున ఆత్మహత్య చేసుకుని ఉన్నాయి. 2011లో ఆ బృందం 40 మంది ప్లీహాలను పరిశీలించి ‘జామా’ పత్రికలో ప్రచురించింది. మిగిలి ఉన్న కణాలను ప్రేరేపించి 5 గంటలు చూసినా, టి.ఎన్.ఎఫ్. వంటి యుద్ధసంకేతాలను అవి మామూలు ప్లీహ కణాలు ఇచ్చేదానిలో పదోవంతు కూడా ఇవ్వలేకపోయాయి. కొన్ని కణాల మీద పి.డి.-1 అనే ‘ఆగు’ మీట పైకి లేచి ఉంది. క్యాన్సర్ చికిత్సలో నేడు మనం మందులతో విప్పుతున్న మీట అదే.

కాలక్రమం ఇప్పుడు స్పష్టమవుతుంది. మొదటి గంటలలో, రోజులలో సైటోకైన్ల ఉప్పెన. దానితో పాటుగానే, చాలాసార్లు దానిని మించిపోతూ, రోగనిరోధక శక్తి క్షీణత. లింఫోసైట్లు చస్తాయి. మోనోసైట్లు క్రిమి ఆనవాళ్ళను పట్టి చూపే హెచ్.ఎల్.ఎ.-డి.ఆర్. అనే పళ్ళేన్ని లోపలికి లాగేసుకుంటాయి. ఎముకమజ్జ తొందరలో పచ్చి కణాలను రక్తంలోకి పంపుతుంది. వాటిలో కొన్ని సాయపడకపోగా మిగిలిన సైన్యాన్ని అణచిపెడతాయి. బాల్యం నుండి మనలో దాగి ఉన్న హెర్పీస్ జాతి వైరస్‌లు అదను చూసి లేస్తాయి. ఐ.సి.యు.లో రెండవ వారంలో, మూడవ వారంలో వచ్చే న్యుమోనియాలు, శిలీంధ్రపు ఇన్ఫెక్షన్లు ఈ నేలలో మొలిచినవే. 1996 నాటి ప్రయోగంలో జరిగినదీ దీని వెలుగులో అర్థమవుతుంది. ఎవరు మంటలో ఉన్నారో, ఎవరు అప్పటికే బూడిదలో ఉన్నారో చూడకుండా అందరి మీదా ఒకే నీళ్ళు గుమ్మరించారు.

ఇంటికి వెళ్ళినవారి సంగతి? ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యులు 2012లో ఒక కొత్త రోగి రూపాన్ని వర్ణించారు. అతడు చావడు, కోలుకోడు. వారాల తరబడి రక్తంలో తాపపు గుర్తులు తగ్గవు, లింఫోసైట్లు పెరగవు, కండ కరిగిపోతూ ఉంటుంది, ఇన్ఫెక్షన్ మీద ఇన్ఫెక్షన్ వస్తుంది. నివురుగప్పిన నిప్పు అనే మాట మనకు ఎప్పటి నుండో ఉంది. ఈ స్థితికి అంతకన్న సరియైన పేరు నాకు తోచదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఐవాషైనా బృందం 2010లో, సెప్సిస్ నుండి బతికిన వృద్ధులను ఏళ్ళ తరబడి గమనించిన లెక్కలు ప్రకటించింది. మోస్తరు నుండి తీవ్రమైన మతిమరుపు ఉన్నవారు జబ్బుకు ముందు 6.1 శాతం ఉంటే జబ్బు తరువాత 16.7 శాతం. 2015లో ఆ విశ్వవిద్యాలయం నుండే వచ్చిన మరొక అధ్యయనంలో, బతికి ఇంటికి వెళ్ళినవారిలో నూటికి నలభై మందికి పైగా 90 రోజులలోపు తిరిగి ఆసుపత్రిలో చేరారు. ఆ తిరుగు రాకలకు అన్నిటికంటే ముందున్న కారణం మళ్ళీ సెప్సిసే.

ఈ చరిత్రలో ఒక తెలుగు పేరు కూడా ఉంది. కొత్తగూడెం సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో డాక్టరేటు చేసి అమెరికా వచ్చిన కన్నెగంటి తిరుమలాదేవి గారు మొక్కల రోగాల పరిశోధనతో మొదలై, మిషిగన్‌లో రోగనిరోధక శాస్త్రం వైపు మళ్ళి, 2007 నుండి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. తాపం వచ్చినప్పుడు కణం ఎలా చస్తుందన్నది ఆమె ప్రశ్న. పేలి చావడం, ముడుచుకుని చావడం, పగిలి కుళ్ళి చావడం అని విడివిడిగా చదువుకున్న మూడు దారులూ ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయని ఆమె బృందం చూపి, దానికి పానాప్టోసిస్ అని పేరు పెట్టింది. కోవిడ్ కాలంలో, 2021లో, ఆ బృందం ‘సెల్’ పత్రికలో మరొక సంగతి ప్రకటించింది. ఎన్నో సైటోకైన్లలో టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండూ జతకట్టినప్పుడే ఈ సామూహిక మరణం ఉవ్వెత్తున లేస్తుంది. రెండింటినీ కలిపి అడ్డుకుంటే ఎలుకలు బతికాయి. ఒక్క టి.ఎన్.ఎఫ్.నే నిందితుడిగా నిలబెట్టిన 1980 దశకపు కథకు ఇది ఆలస్యంగా వచ్చిన సవరణ. ఇవి ఎలుకలలో వచ్చిన ఫలితాలన్న మెలకువ మాత్రం బబూన్‌ల కథ చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కాలమే కీలకమన్న పాఠాన్ని కోవిడ్ ప్రపంచమంతటికీ ఒకేసారి చెప్పింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనంలో డెక్సామెథసోన్ అనే పాత, చవకైన స్టీరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ చేయలేదు. ఒకే మందు, ఒకే జబ్బు. తేడా అంతా ఏ రోజున ఇచ్చామన్నదే. 2021 వేసవిలో మన దేశంలో ఈ తేడా పాటించనిచోట ఏమి జరిగిందో చూశాము. అదుపులేని మధుమేహం, కోవిడ్ చేసిన దెబ్బ, అవసరానికి మించి వాడిన స్టీరాయిడ్లు కలిసినచోట మ్యూకర్ అనే బూజు మొలిచింది. తెలంగాణలో ఆ రోగులకు కేంద్రంగా నిర్ణయించిన హైదరాబాదు కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రికి చేరినవారిలో, కోవిడ్‌ను జయించామని ఇంటికి వెళ్ళి, ముఖం వాచి, కన్ను కనపడక తిరిగి వచ్చినవారు ఎందరో. హాచ్‌కిస్ సెయింట్ లూయిస్‌లో సూక్ష్మదర్శిని కింద చూసినదానిని వారి కుటుంబాలు కంటి ఎదుట చూశాయి.

2016లో సెప్సిస్ నిర్వచనం మళ్ళీ మారింది. ఇన్ఫెక్షన్‌కు శరీరపు స్పందన అదుపు తప్పి అవయవాలను దెబ్బతీయడమే సెప్సిస్ అని అంటున్నాము. ఎక్కువైందని అనలేదు, తక్కువైందని అనలేదు, అదుపు తప్పిందన్నారు. ఆ ఒక్క మాట వెనుక వందేళ్ళ చరిత్ర ఉంది. క్షీణించిన రోగనిరోధక శక్తిని తిరిగి లేపే ప్రయత్నాలు ఇప్పుడు సాగుతున్నాయి. ఇంటర్‌ల్యూకిన్-7 ఇచ్చిన సెప్సిస్ రోగులలో లింఫోసైట్ల సంఖ్య మూడు నాలుగు రెట్లు పెరిగిందని 2018లో ఒక చిన్న ప్రయోగం చూపింది. కణాల సంఖ్య పెరగడం వేరు, మనిషి బతకడం వేరు. ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని మరచినప్పుడే 1990లలో పొరపాటు జరిగింది.

థామస్ పుస్తకం గద్యం కోసం చదవండి, ట్రేసీ పుస్తకం ఒక పాప కోసం చదవండి. రెండూ చదివిన తరువాత, మీ ఇంట్లో ఎవరైనా తీవ్రమైన ఇన్ఫెక్షన్ నుండి బయటపడి ఇంటికి వస్తే, గండం గడిచిందని ఊరుకోకండి. డిశ్చార్జి కాగితంలో సెప్సిస్ అన్న మాట ఉన్నదేమో చూడండి. ఉంటే మీ సొంత డాక్టరుకు ఆ మాటే చెప్పండి. న్యుమోనియా, ఫ్లూ టీకాలు ఎప్పుడు వేయించాలో అడగండి. కండ తిరిగి రావడానికి తగిన తిండి, రోజూ కాస్త నడక ఉండేలా చూడండి. మొదటి మూడు నెలలలో జ్వరం, ఆయాసం, కొత్తగా తికమక మాటలు కనిపిస్తే మరునాటి దాకా ఆగకండి. ఆ మనిషి ఇంటికి వచ్చాడు కానీ, ఆయనను కాపాడే సైన్యం ఇంకా దారిలోనే ఉంది.